ఏడో పోర్టు

రాత్రి రెండుంపావుకి కాటా ఆపించినాను.
గేటు బయట పద్నాలుగు ట్రాక్టర్లు, మూడు లారీలు,
తోతాపురి కాయ తన వేడికి తానే చెమటలు పడతా ఉండాది.
"అర్ధగంటన్నా" అన్నాను.
తవణంపల్లె నుంచి వచ్చిన ధనంజయుల నాయుడు
"ఆ మాట కాయకి చెప్పు మే" అన్నాడు.

కాటా గదిలో, బీరువా పక్కన,
బూజు పట్టిన ఇనప పెట్టెలో స్విచ్చి.
పదకొండు సీజన్లు ఆగింది లేదు.
దాని సాఫ్ట్‌వేరుకు
చేసినోళ్లే చేతులెత్తేసినారు.

ముందు బ్యాకప్.
చంగల్రాయులు సార్ రిటైరయ్యే ముందు చెప్పింది ఒకటే:
"బాయిలో దిగేటప్పుడు నీళ్లు కాదు మే, మోకు చూసుకో."

ఎఫ్‌టీపీకి గుట్టు తెలియదు.
కాటా యార్డులో గొంతెత్తి అరిచినట్టు
పాస్‌వర్డును తీగ మీద పచ్చిగా పంపిస్తాది.
అందుకని బయటికి పోయే కేబుళ్లన్నీ ముందే పీకేసినాను.
నేనూ అదీ, మధ్యలో ఒక నీలం తీగ.

వచ్చింది. తొమ్మిది కిలోబైట్లు.
పదకొండేళ్ల గుజ్జు ఫ్యాక్టరీ
ఒక పెళ్లిపత్రిక ఫోటో అంత కూడా లేదు.
తెరిచి చదివినాను.
ఇంగ్లీషు అక్షరాల్లో ఆయన తెలుగు:
మూడో పోర్టు, కాటా, చేయి పెట్టొద్దు.
ఐదు, ట్యాంకి కెమెరా, మధ్యాహ్నం ఎండకు కళ్లు మూస్తాది.
తొమ్మిది, ఎకౌంట్సు, గొణుగుతాడు.
పన్నెండులో చీమలు.
ఏడు, కుప్పమ్మ బల్ల.

కుప్పమ్మ గురించి విన్నాను కొంచెం.
కళ్లు మూసుకుని వాసనతోనే పుచ్చుకాయ ఏరేదంట.
ఆమె పారేసినవి లెక్కపెట్టను
ఒక సీజనుకి కెమెరా పెట్టినారు.
ఆమె లెక్కే సరిపోయింది, కెమెరా తీసేసినారు.
తర్వాత బల్ల కూడా.
ఆమె ఇప్పుడు యాడుందో ఎవురినడిగినా
పక్కవాళ్లను చూపిస్తారు.

కొత్త ఫైలు పంపేటప్పుడు
బైనరీ అని కొట్టడం మరిచిపోయినాను.
అంతా పోయింది, కొలత తప్పింది.
ఉత్తరం అనుకుని యంత్రం
నడమ నడమ తప్పులు దిద్దింది.
దిద్దిన ఆ ఫైలుతోనే రీలోడు కొట్టి ఉంటే!
అరచేయి ప్యాంటుకు తుడుచుకుని,
చెరిపి, బైనరీ కొట్టి, మళ్లీ.
ముక్కకొక గుర్తు, నిలువు రెండు గీతలు, అడ్డం రెండు,
నల్ల తెర మీద చిన్న ముగ్గులు
ఒకదాని పక్కన ఒకటి పడతా పోయినాయి.
బైటు బైటూ సరిపోయింది.
కాటా మనిషి మాదిరి రెండుసార్లు చూసినాను.

రీలోడు.
పచ్చ దీపాలన్నీ ఒక్కసారే పోయినాయి.

ఫ్యాను మోత.
బయట ఎవరో ట్రాక్టరులో పాట ఆపేసినారు.
వాచ్‌మన్ మొగిలప్ప టీ తెచ్చి
నా మొగం చూసి
మాట్లాడకుండా పెట్టి పోయినాడు.
మణికట్టు మీద మామిడి సొన కాలిన మచ్చ
గోకతా కూర్చున్నాను.
టీ మీద మీగడ కట్టింది.

మూడు వెలిగింది. ఐదు. తొమ్మిది, గొణుగుతా.
ఒక్క లైను మాత్రం కాదంది కొత్త సాఫ్ట్‌వేరు:
ఏడో పోర్టుకు వేగం రాసిన పద్ధతి పాతదంట.
ఆ పోర్టుకు ఏ తీగా లేదు.
మొత్తం తుడిచేయను ఒక్క మాట చాలు,
సగం కొట్టినాను కూడా.
వెనక్కి చెరుపుకుంటా వచ్చి
వేగం కొత్త పద్ధతిలో రాసి
పేరు బ్యాకప్‌లో ఉన్నట్టే ఎక్కించినాను,
రెండు మ్‌లూ తప్పకుండా.

ఫైలుకు తేదీ పెట్టి రెండు చోట్ల దాచినాను.
కాటా మీద ఎర్ర అంకెలు సున్నాకొచ్చి నిలబడినాయి.
మూడుంబావు.
ధనంజయుల నాయుడు ట్రాక్టరు ఎక్కించి
"ఏం మార్చినావు మే లోపల?"
"ఏమీ లేదన్నా. ముందర మాదిరే పని చేస్తాది."
నమ్మలేదు. చీటీ జేబులో పెట్టుకుని
కిందికి దిగి, కాటా పక్కన నిలబడి,
ఇంకోసారి తూకం వేయమన్నాడు.
అరవై రెండు కిలోలు తక్కువొచ్చింది.
"చూసినావా!" అని అరిచినాడు,
వెనక పదమూడు ట్రాక్టర్లూ వినేటట్టు.

అది ఆయన బరువేనని చెప్పను
మొగిలప్పను పంపించినాను.