ఆఖ్టుంగ్

పొద్దున పది గంటలకి తత్వశాస్త్రం.
మొత్తం నలుగురం,
అందులో ఒకడు హాస్టల్ సీటు కోసం చేరినవాడు.
సాయంత్రం అయిదుకి జర్మన్.
అక్కడ ముప్పై మందిమి,
నర్సులు, ఇంజనీర్లు, వీసా తేదీలు లెక్కపెట్టుకునేవాళ్ళు.
మధ్యలో మిగిలిన గంటలన్నీ
తుఫానుకి సగం విరిగి మళ్ళీ చిగిర్చిన బాదంచెట్టు కింద
టిఫిన్ డబ్బాతో నేను.

"రెండూ ఎందుకే?" అన్నవాళ్ళకి
తలో జవాబు చెప్పాను.
స్కాలర్‌షిప్ వస్తుందని ఒకరికి.
ఆ పుస్తకాలు రాసినవాళ్ళ నోటితోనే వినాలని ఒకరికి.
ఇంటికి పెందరాళే వెళ్ళకుండా ఉండటానికని హైమకి.
అదీ పూర్తి అబద్ధం కాదు.

బెహరా మాస్టారు మొదటి నెల్లోనే హెచ్చరించారు,
"చివరిదాకా ఓపిక పట్టాలి,
కొన్ని వాక్యాల్లో క్రియ అక్కడ కూర్చునుంటుంది."
ఇంగ్లీషు అలవాటుతో క్లాసంతా నిట్టూర్చింది.
నాకు నవ్వొచ్చింది.
మా నాయనమ్మ తగువు చెప్పడం మొదలెడితే
ఎవరు, ఎవరిని, ఏ సందులో, ఎవరెవరు చూస్తుండగా,
అన్నీ అయ్యాకే కదా
తిట్టిందో కొట్టిందో తెలిసేది.

లింగాలు మాత్రం లొంగలేదు.
వాళ్ళ చెంచా మగవాడు, ఫోర్కు ఆడది,
ఆడపిల్ల మాత్రం రెండూ కాదు.
"ఇదేం అన్యాయం" అంది హైమ.
నేను నోట్‌బుక్ మార్జిన్‌లో రాసుకున్నాను:
బస్సు వచ్చింది. మేక వచ్చింది. అమ్మ వచ్చింది.
నాన్న ఒక్కడే వచ్చాడు.
ఇరవై రెండేళ్ళుగా నా నోట్లోనే ఉన్న పిప్పిపన్ను,
పరాయి భాష చల్లనీళ్ళు తగిలేదాకా
జివ్వుమనలేదు.

ఫిలోమినా మేడం ఒకరోజు సుద్దముక్క చూపించి
"ఇది సుద్ద" అన్నారు.
"ఇందులో 'ఉండటం' ఎక్కడుంది?"
నలుగురం వెతికాం.
ఇది. సుద్ద. రెండే మాటలు, మధ్యలో గాలి.
"వాళ్ళు వందల పేజీలు తవ్విన మాటని
మనం అసలు పలకనే పలకం" అని
ఆవిడ కిటికీలోంచి సముద్రం వైపు చూస్తూ ఉండిపోయారు.
గంట కొట్టారు.
హాస్టల్ సీటు కుర్రాడు కూడా లేవలేదు.

డిసెంబర్లో, ఒకే రోజు జరిగింది.
పొద్దున మేడం నీతి గురించి చెబుతూ
ఒక జర్మన్ మాట పలికారు: ఆఖ్టుంగ్.
గౌరవం అన్నారు. భయం కాదు, ఇష్టమూ కాదు,
ఎదుట ఉన్నది మనిషని తెలిసి
మనలో పొగరు తనంతట తాను వంగటం.
సాయంత్రం రైల్వే స్టేషన్ పాఠంలో
మాస్టారు అదే మాట చెప్పారు:
ఆఖ్టుంగ్. జాగ్రత్త, బండి వస్తోంది.

సింధియా బస్సులో, కాన్వెంట్ జంక్షన్ దాటినా
రెండర్థాలూ సీటు కోసం తోసుకుంటూనే ఉన్నాయి.

రాత్రి అన్నాల దగ్గర చెప్పాను.
నాన్న ముద్ద ఆపి
"మా ఆచ్టంగా?" అన్నాడు.

షిప్‌యార్డులో ఇనప రేకులు వంచే పాత మెషీను.
దాని నుదుట ఎర్ర పలక మీద తెల్ల అక్షరాలు.
సూపర్‌వైజరు కూడబలుక్కుని చదివితే
అది దాని పేరనుకున్నారు అందరూ.
ఇరవై ఆరేళ్ళు
"ఆచ్టంగు ఇయ్యాల మూలుగుతంది, గ్రీజెట్టండి" అని.
దసరాకి ఆచ్టంగుకి బొట్టు, నిమ్మకాయ.
నాన్న ఎడం చేతి రెండు వేళ్ళు ఎవరు అడిగినా
ఆచ్టంగు తినేసింది, అని.

"పేరు కాదు నాన్నా. జాగ్రత్త, అని రాసుంది."
చారు చల్లారిపోయింది.
"ఓలమ్మ" అన్నాడు చాలాసేపటికి,
"పేరెట్టి పిలిస్తే మాటింటాదనుకున్నాం.
అదే మొదట్నించీ మాకు సెప్తానే ఉందన్నమాట."

గౌరవం అని కూడా అర్థముందని
చెప్పాలో మానాలో తెలియలేదు.
చెప్పాను.
మిగిలిన మూడు వేళ్ళతో కంచం అంచు పట్టుకుని
"ఎవులికి? దానికా, మాకా?" అన్నాడు.

రేపు పదింటికి నలుగురం ఉంటాం.
ఈ ప్రశ్న అడగాలి.
జర్మన్‌లో అడగాలంటే
ఆ మాట పక్కన ఏ విభక్తి వస్తుందో
ముందు చూసుకోవాలి.