సోమవారం మూట

నదికి అవతల వాళ్ల దేశం.
ఇవతల సెన్‌లూయిలో, మా వీధి చివర
పచ్చ తలుపుల మేడ మీద అద్దెకుండేవాడు
ఆ దేశానికి పెద్ద.
దేశం వచ్చేసింది, జెండా కుట్టడానికిచ్చారు,
రాజధాని మాత్రం ఇంకా పుట్టలేదు.

మేడ ఇంటావిడ మదాం ఆరామ్
ఒకటో తారీకు పొద్దున్నే మెట్ల కింద నిలబడి దగ్గేది.
దేశాన్నేలితే ఏలాడు, అద్దె అద్దే.

నేను కుంబాని. బట్టలుతికేదాన్ని.
సోమవారం సోమవారం మూట నాకొచ్చేది.
ఆయన చొక్కాలకి కుడిచెయ్యి ఎప్పుడూ నలుపే,
మణికట్టు నుంచి మోచేతి దాకా.
పెన్సిల్ మసి. సబ్బుకి లొంగదు,
నిమ్మకాయ మాట కాస్త వింటుంది.

ఒకనాడు అడిగేశాను, ఏం రాస్తారయ్యా అంతగా?
పైకి రమ్మన్నాడు.
బల్ల నిండా ఒకటే కాగితం,
గాలికి లేవకుండా మూలకొక టీ గ్లాసు.
ఇది కచేరీ అన్నాడు, ఇది బడి, ఇదిగో ఆసుపత్రి.
ఆయన వేలు పెట్టిన చోటు
చేపల లారీ తోలే మా అన్న సాంబా చూసొచ్చాడు:
ఒక ముళ్లచెట్టు, దానికి కట్టేసిన మేక,
మేక తాలూకు మనిషి జాడ లేదు.

నీళ్లెక్కడ? అన్నాను.
బట్టలుతికేదానికి ఇంకేం తోస్తుంది.
ఆయన పెన్సిల్ చెవి మీద దోపుకుని
కిటికీలోంచి చాలాసేపు నదిని చూశాడు,
మా నదిని.

ఆ రాత్రి తెల్లార్లూ దీపం ఆరలేదు.
ఆ సోమవారం చొక్కా చెయ్యి
భుజం దాకా నల్లబడి వచ్చింది.
చెరిపి ఉంటాడు, గీసి ఉంటాడు, మళ్లీ చెరిపి ఉంటాడు.
జాడిస్తుంటే బడులు, వీధులు బూడిదరంగు నురగై
పడవల సందుల్లోకి కొట్టుకుపోయాయి.
తెలియక ఎన్ని వారాలు ఉతికేశానో ఆ ఊరిని.

తర్వాత గుడారాలు లారీలెక్కాయి.
ఇనుప వంతెన ఒక పూటంతా మోగింది.
మదాం ఆరామ్ తలుపులకి నీలం వేయించి
పళ్ల డాక్టరుకిచ్చింది మేడ,
పాత మనిషి పేరు చెప్పి అద్దె పెంచి.

ఇప్పుడక్కడ దీపాల స్తంభాలున్నాయట,
రెండంతస్తుల పోస్టాఫీసు ఉందట.
నీళ్లు మాత్రం బిందె లెక్కన కొంటారంటాడు సాంబా.

చివరి మూటలో ఒక చొక్కా నా దగ్గరే ఉండిపోయింది.
ఉతకలేదు.
మోచేతి దగ్గర, అద్దంలోలా తిరగబడి,
చిన్న గుండ్రటి గీత.
నాలుగు దారులూ దాని దగ్గరికే వస్తాయి.
బావేననుకుంటాను.
ఆ రోజు బల్ల మీద కాగితంలో
అది లేదు.