ఎడమ ఇరుసు

మార్చి. బయట సున్నాకి ఇరవై కింద.
కట్టెల పొయ్యి షెడ్డులో ఒక్క మూలనే వేడి చేస్తుంది,
మిగతా మూడు మూలలూ సస్కాచెవాన్‌వే.
నాన్న ట్రాక్టరు దుంగల మీద కూర్చుంది,
వెనక చక్రాలు విప్పేశాక
పెళ్ళిలో చెప్పులు పోగొట్టుకున్న పెద్దమనిషిలా.

ముందు నూనె దించాం.
నూనె కాదది, తారు. తారు అడుగున నీళ్ళు.
నీళ్ళల్లో ఏ కోతల కాలానిదో
ఒక మిడత కాలు, చెక్కుచెదరకుండా.

వెనక మూత తీసి చెయ్యి పెడితే భుజం దాకా మునిగింది.
లోపల రెండు ఇరుసుల మొనలు ఎదురెదురుగా,
నడుమ జానెడు చీకటి.
ఇన్నేళ్ళు ఒకే బరువు మోశాయి,
ఒకదాన్నొకటి ముట్టుకోలేదు.
"మనింట్లో మంచంలాగే" అంది అక్క ఒల్హా.
నవ్వాలో వద్దో తేలక స్పానరు వెతుక్కున్నాను.

ఆ జానెడు సందులో పొట్టి జాకీ ఇరికించి తిప్పాం.
కుడిది లొంగింది, టప్పున, పిలవగానే లేచొచ్చే రకం.
లొంగిందని సంబరపడ్డాక తెలిసింది తప్పు:
ఇక ఎడమదాన్ని తోయడానికి ఆనుకునే చోటే లేదు.
వచ్చినదాన్ని మళ్ళీ లోపలికి తోసి, బోల్టు బిగించి,
దాని వీపుకి జాకీ ఆనించి
మొదటి నుంచి మొదలు.

మూడు రోజులు.
ఎసిటోనూ గేరు నూనే సగం సగం కలిపి పోశాం,
మంట పెట్టాం, తిట్టాం, తిట్లు ఉక్రేనియన్‌లో
(యంత్రానికి ఇంగ్లీషు తిట్లు తగలవని నాన్న నమ్మకం).
పక్క పొలం వాసిల్ హలయ్‌చుక్ తలుపులో నిలబడి
టీ ఊదుకుంటూ అన్నాడు:
"హరాసిం అయితే ఒక్క దెబ్బకి తీసేవాడు.
యాభై ఒకటిలో చూళ్ళేదూ, కోతల మధ్య, పొలంలోనే,
ఇదే ఇరుసు, ఒంటి చేత్తో!"
చూళ్ళేదు. నాకప్పుడు అయిదేళ్ళు.
విన్నాను మాత్రం,
ప్రతి పెళ్ళిలో, ప్రతి దినంలో,
చివరికి నాన్న సమాధి దగ్గర కూడా.

నాలుగో రోజు మధ్యాహ్నం మేం భోంచేస్తుంటే
ఎవరూ ముట్టుకోకుండా, దానంతటదే
తుపాకీ పేలినట్టు ఊడింది.
ఒల్హా చేతిలో బోర్ష్ట్ సగం నేల మీద.

బేరింగు జరిపాను.
ఇరుసు చుట్టూ, అరిగిన చోట,
పల్చటి రేకు చుట్టి ఉంది.
గుడ్డతో తుడిస్తే ఎర్ర రంగూ, సగం అక్షరాలూ:
బేకింగ్ పౌడరు డబ్బా.
అంచు తిన్నగా లేదు.
పళ్ళు పళ్ళుగా, గౌను కుట్టు లోపలి మడతలాగ.

ఒల్హా కళ్ళద్దాలు పైకెత్తింది, దించింది.
వేలితో అంచు వెంట లెక్కపెట్టింది,
ఏడు పళ్ళు, ఒక మొండి,
ఏడు పళ్ళు, ఒక మొండి.

అమ్మ జిగ్‌జాగ్ కత్తెర.
దాంతో కాగితం కోస్తే వేళ్ళు విరుస్తానన్న కత్తెర.
ఒల్హా బడి గౌనులన్నిటికీ
ఏడింటికొక పన్ను తక్కువుండేది.
అడిగితే "కత్తెర నాసిరకం" అనేది అమ్మ,
చూపు సూది మీంచి ఎత్తకుండా.

నాన్న పట్టుకుంటే అమ్మ కోసిందా?
నాన్న ఆ వారమంతా తాగి పడుకున్నాడా?
గోధుమ రాలిపోతుంటే చూడలేక
తనొక్కతే, లాంతరు పెట్టుకుని, ఈ ఇనుము కిందికి దూరిందా?
రేకు ఒకటే చెబుతుంది: ఎవరు కోశారో.
సుత్తి ఎవరు కొట్టారో చెప్పదు.
వాసిల్‌తో ఏమీ అనలేదు మేం.
అతని టీ చల్లారిపోయింది.

మైక్రోమీటరు పెట్టి చూశాను:
మిల్లీమీటరులో పావు, ఎక్కడ కొలిచినా పావే.
"ఫ్రేము కట్టించుకుందామా?" అన్నాను.
"గోడకి కొట్టుకోవడానికి కోయలేదది,"
అని ఒల్హా కిరసనాయిలులో కడిగి,
చీరిన ఫ్లానెల్‌తో ఆరబెట్టి,
మొండి పన్ను బయటి వైపుకి తిప్పి
ఇరుసుకి చుట్టింది.

నేను బేరింగు తోశాను.
ఈసారి కందెన దండిగా పూశాం,
ఇంకెవరైనా తీయాల్సొస్తే
మూడు రోజులు పట్టకుండా.