గిరాకీ అని రాసిన గడి

విమానాశ్రయంలో ఆ రాత్రి నాలుగు డిగ్రీలు,
గాలి మామూలు.
ముప్పై కిలోమీటర్ల అవతల
చదును పొలాల మధ్య నిలబడ్డ స్తంభం చెప్పిన మాట అది.
దాన్ని నమ్మి మేం
త్రియేస్తె కొండవాలు మీది పదకొండు భవనాలకు
రేపటి గ్యాసు లెక్క కట్టాం.

తెల్లారేసరికి లెక్క తప్పింది.
బోరా దిగింది.
పీఠభూమి మీంచి జారి
సరిగ్గా మా వీధిలోకే పళ్ళు నూరుకుంటూ వచ్చింది.
పక్క వీధిలో ఒకాయన
నింపాదిగా కుక్కను తిప్పుతున్నాడు.
ఊరందరిదీ ఒక దారి,
ఉలిపికట్టెది ఒక దారి.

అందుకే ద్రాగో, నేనూ
నిచ్చెన మోసుకుంటూ మెట్లన్నీ ఎక్కాం.
బోర్లించిన సాసర్ల దొంతరల్లాంటి తెల్లటి డబ్బాలు,
ఇరవై మూడు,
బాల్కనీలకు, మెట్ల మలుపులకు,
చెత్తకుండీల వెనక గోడకు బిగించాం.
ఒకదాన్ని సీగల్ పక్షి రెండుసార్లు పీకేసింది.
మూడోసారి ద్రాగో ఇనపతీగ చుట్టి
తాత దగ్గర నేర్చిన స్లొవీన్ తిట్టొకటి
ముడి మీద ముడిగా వేశాడు.

పది నిమిషాలకో అంకె.
చలికాలం సగమయ్యేసరికి
ఏ కిటికీ ఎండను ఎంతసేపు అట్టిపెట్టుకుంటుందో
ఏ సందు గాలికి ఈల నేర్పుతుందో
మోడల్‌కు కంఠతా వచ్చేసింది.
తప్పు పందొమ్మిది శాతం నుంచి ఆరుకు దిగింది.
ఆఫీసులో కేకు కోశారు.
నాకు అంచు ముక్క దక్కింది.

ఒక్క ఇల్లు మాత్రం.
నాలుగో అంతస్తు, ఈశాన్యం మూల,
గాలి మొట్టమొదట తలుపు తట్టే ఇల్లు.
బయట డబ్బా మైనస్ మూడంటుంది,
లోపల మీటరు కదలదు.
మోడల్ ఆ ఇంటికి సున్నా అని జోస్యం చెబుతుంది,
ప్రతిసారీ ఫలిస్తుంది.
అంత కచ్చితంగా ఇంకే ఇంటి సంగతీ చెప్పలేదది.

మీటరు చెడిందేమోనని వెళ్లాను.
ఒందీనా గారు తలుపు తీశారు.
స్వెట్టరు మీద స్వెట్టరు,
పైన ఓడరేవు కూలీల మందపాటి జాకెట్టు.
“బాగానే ఉందమ్మా మీటరు. ఆపింది నేనే.
నిరుడు బిల్లు తడిసి మోపెడయింది.”

మంచం స్నానాలగదిలో వేసుకుంది.
బయటి గోడ తగలని గది అదొక్కటే.
“నలభై ఒక్క ఏళ్లు.
ఏ గోడ ఎంత చల్లనో నా వీపునడుగు,
మీ డబ్బాలు దేనికి?”
నవ్వితే ఆవిరి వచ్చింది.
చిన్న కప్పులో కాఫీ ఇచ్చింది.
దాన్ని తాగలేదు చాలాసేపు,
చేతుల మధ్య పట్టుకు కూర్చున్నాను.

మా పట్టికలో ఆ నిలువు వరసకు పేరు గిరాకీ.
వాడినంతా అందులో పడుతుంది.
వణికింది పడదు.

సంచీలో ఒక డబ్బా మిగిలి ఉంది, ఇరవై నాలుగోది.
ఇక్కడ పెట్టనా అన్నాను.
తువ్వాళ్ల కొక్కెం చూపించింది.

సాయంత్రానికి మొదటి అంకె వచ్చింది.
తొమ్మిది.
దీన్నే వరసలో వెయ్యాలని ద్రాగో అడిగాడు.
హీటరు పక్కనే నా కుర్చీ.
నేనింకా కోటు విప్పలేదు.