తోడు

గాజులరేగ మళ్లలో పట్టిన కప్పని
తడిగోనెలో చుట్టి తెచ్చాడు తవిటయ్య.
"గుడ్లతోటుందమ్మా, సూసి కొయ్యి."
వేలి గణుపంత కోత, నాలుగు కుట్లు.
మత్తు దిగాక తొట్టిలో చతికిలబడింది.
నా వైపు చూడలేదు.

గుడ్లు ఆవగింజలంత.
పైసగం కాఫీపొడి, కిందిసగం గంజి.
పోయిన వానాకాలం నుంచో, అంతకు ముందు నుంచో
సగం చెప్పిన మాట మీద ఆగిపోయినట్టున్నాయి.
లోపల ఎంజైము లేక కాదు.
ఉంది. ఫాస్ఫేటు గడియ పడి ఉంది.
ఆ గడియ తీసే చెయ్యీ లోపలే ఉంది,
అదీ నిద్రలోనే.

తొమ్మిదింటికి ప్రొజెస్టిరాన్ వేశాను.
పదిన్నరకి కరెంటు పోయింది.
జూన్ నెల, విజయనగరం, మూడో అంతస్తు.
ఇంక్యుబేటరు ముల్లు ఇరవై దాటి పాకుతోంది.
నాకు తోడు పడుకుంటానని ఉండిపోయిన
అటెండరు సూరమ్మ టార్చి వెలిగించి
"కుండలోన ఇసక తడిపి అందులోనెట్టమ్మా,
మా ఇంట మజ్జిగ అలాగే దాస్తాం" అంది.

గంటకోసారి పదేసి గుడ్లు నలిపి
ఐసులో పాతిపెట్టాను. లెక్క కరెంటొచ్చాక.
మూడు దాటాక
ఒక గుడ్డు నడినెత్తిన సూదిమొనంత తెలుపు.
ఆపైన మరోటి. ఆపైన వరసగా.
లోపల కేంద్రకం గోడ కరిగిపోయిందన్నమాట.

మర్నాడు కౌంటరు టిక్కుటిక్కుమని చెప్పింది:
ఐదు గంటలదాకా గీత నేలబారున పడుంది,
తర్వాత అరగంటలో నిటారు.
తెలుపు కనపడకముందే, లోపల ఒకటి లేచి
ఇంకొకదాన్ని తట్టి లేపి, ఆ రెండూ కలిసి
ఇల్లంతా...

పండిన గుడ్డులోంచి సూదితో ఇసుమంత తీసి
హార్మోను ఎరగని గుడ్డులోకి ఎక్కించాను.
రెండు గంటలకి అదీ తెల్లబొట్టు పెట్టుకుంది.
దాంట్లోంచి మరోదాంట్లోకి. అదీ.
సార్ దీనికి గొలుసంత పొడుగు పేరు చెప్తారు.
సూరమ్మ వంగి చూసి, "ఓస్, తోడెట్టావు" అంది.
తర్వాత గిన్నెలు తోముతూ, తనలో తనే:
"సందేళ దాటితే మావోళ్లు తోడు ఎవులికీ ఇవ్వరు."

కుట్లు ఆరాక కప్పని తవిటయ్య
పట్టిన మళ్లోనే వదిలొచ్చాడు.

మందు పడని గిన్నె ఒకటి మిగిలింది.
ముప్ఫై గుడ్లు, అన్నీ కాఫీపొడి నెత్తులే,
పిలుపేదీ వినపడనట్టు.
అదీ ఇచ్చేయమంది సూరమ్మ, కడగడానికి.
రేపిస్తానన్నాను.