ఎవరి చేతిలో ఉంది

భీమవరంలో ఐసు ఫ్యాక్టరీ మీద మేడగది.
రొయ్యల ధరలు చూపే సైటుకి
నలుగురం కాపలా.

మూడు టూల్సు ట్రయల్‌కి తెచ్చాం.
ఒకటి రంగురంగుల కార్డులు పరుస్తుంది,
ఒకటి అయినదానికీ కానిదానికీ గంట కొడుతుంది,
మూడోది తలకింతని అద్దె అడుగుతుంది.
మరియరత్నం పట్టిక గీసి మార్కులేసింది.

మంగళవారం రాత్రి రెండింటికి సర్వర్ పడిపోయింది.
ముప్పై కౌంటు ధర తెలియక
ఉండి రోడ్డులో లారీలు ఆగాయి.
జిలానీ చూస్తున్నాడని నేను,
నేను చూస్తున్నానని జిలానీ,
ఇద్దరం పడుకున్నాం.
మెసేజులు మాత్రం నూట పద్నాలుగు.

జిలానీ వాళ్ల నాన్న లాకుల మీద పనిచేసిన మనిషి.
ఆయన డైరీ పట్టుకొచ్చాడు, చెమ్మకి ఉబ్బింది:
"నీరు నాలుగడుగుల రెండంగుళాలు.
రెండో తలుపు సగం ఎత్తాను. పడవ ఒకటి రావాలి.
నేను దిగుతున్నా, అప్పన్న ఎక్కాడు."
కింద రెండు సంతకాలు.

మరియరత్నం మార్కులన్నీ చెరిపేసి
ఒక్క గడి ఉంచింది:
ఇప్పుడిది ఎవరి చేతిలో ఉంది?

దానికి మూడూ నీళ్లు నమిలాయి.
రెండోది కాస్త నయం, గంట నొక్కేస్తే.
అదే తీసుకున్నాం.

ఆ రాత్రి మొదటిసారి రాశాను:
"సైటు నిలబడింది. నేను దిగుతున్నా."
కింద ఐసు పగలగొడుతున్న చప్పుడు.
జిలానీ ఎక్కేదాకా
కుర్చీ వదల్లేదు.