కిటికీ బాకీ

ముప్పై రెండేళ్లు పక్కతెర చాటున నుంచుని
ఇతరులకి మాటలు అందించాను.
రాజులు మరిచిపోయిన పద్యాల ఎత్తుగడలు,
రాణులు మింగేసిన సమాసాలు
నా పెదాల మీంచే వెళ్లాయి.
ముందు వరసకైనా నా గొంతు వినపడకూడదు.
అదే నా పనితనం.

ఇప్పుడు చంకలో రసీదు పుస్తకంతో
నరసాపురం మెయిన్‌రోడ్డు మీద
కొట్టు కొట్టుకీ ఎక్కి గట్టిగా అడగాలి:
"అయ్యా, మన నాటకాల హాలుకి..."
సగం మాట నోట్లోనే ఆగిపోతుంది.
అందించేవాడు లేడు.

నడిమి దూలం చెద తినేసింది.
ఈశాన్యం మూల పెంకులు పోయినేటి తుఫానుకి లేచి
చేపల మార్కెట్లో పడ్డాయి.
వానొస్తే మేకప్ గదిలో కప్పలు అందుకుంటాయి,
వన్స్‌మోర్ అనకుండానే మళ్లీ పాడతాయి.
నవంబరాఖరుకి బాగుచెయ్యకపోతే కూల్చేస్తామని
మునిసిపాలిటీ కాగితం గోడకంటించింది.
కాగితమూ తడిసింది.

మిల్లు కొండలరాయుడు గారు కాఫీ ఇప్పించారు.
చెక్కుబుక్కు బల్ల మీద పెట్టి
"పైన మా నాన్నగారి పేరు, కింద ఎనిమిది షాపులు" అన్నారు.
కాఫీ బావుంది. తాగి లేచాను.

లేసు ఏజెంటు సుభద్రాయమ్మ గారికి
దేశాలు దాటిన సరుకు వెనక్కొచ్చేసింది.
"డబ్బులేవండీ, ఇవి పట్టుకెళ్లండి,
మీ రాజులకి మెడపట్టీలు కుట్టించండి" అని
ఒక మూట నెత్తికెత్తారు.
మూటతోనే సాయంత్రం దాకా తిరిగాను.

రేవు దగ్గర పెమ్మాడి కాసులమ్మ
గంప దించి అడిగింది:
"నేల టిక్కెట్టు అప్పుడెంతండీ?"
అర్ధరూపాయి.
"నేనూ మా అక్కా పడమటి కిటికీ ఊచలు పట్టుకుని
తెల్లారేదాకా చూసేవోళ్లం. లెక్కెయ్యండి, వడ్డీతో."
కొంగుముడి విప్పితే నూటపది రూపాయలు,
నోటు మీద చేపపొలుసు మెరుస్తోంది.
రసీదులో 'బాబతు' దగ్గర పెన్ను ఆగింది.
కిటికీ బాకీ, అని రాశాను.

ఆ మాట నాకన్నా ముందే ఊళ్లో నడిచింది.
ఐసు ఫ్యాక్టరీ వాళ్లు తూర్పు కిటికీ అన్నారు.
సోడాబండి గవర్రాజు
"మాకు కిటికీ కూడా దొరకలేదండీ,
వెనక సందులో నుంచుని విన్నాం.
బొమ్మ లేదు గాబట్టి సగమే తీసుకోండి" అన్నాడు.
ఆయ్, తీసుకున్నాను.

లాకుల దగ్గర లస్కరుగా చేసిన ఇస్సాకు మాత్రం
రసీదు చదివి తిరిగిచ్చేశాడు.
"వాళ్లు టిక్కెట్టు లేక కిటికీకి వెళ్లారు.
మా నాన్న చేతిలో టిక్కెట్టుంది.
ఏ పేటని అడిగి, గేటు దగ్గర చింపారు.
చింపిందెవరో మీకు తెలుసు."

తెలుసు. మా మేనమామ.
చిరిగిన ముక్కలు కాలవలో పడటం
ఆరేళ్ల వయసులో నేను చూశాను.
పడవలనుకున్నాను.

"ఈ బాకీ మాది కాదండీ."
పుస్తకం మూసేశాను.
లోపలికి వెళ్లి, చాలాసేపటికి వచ్చి
అయిదువేలు అరుగు మీద పెట్టాడు.
"కిటికీ అని రాయకండి. కుర్చీ నంబరు రాయండి."

ముందు వరస, ఏడు.

దూలానికింకా నలభై రెండు వేలు తక్కువ.
వడ్రంగి టేకు ధర రోజుకోటి చెబుతున్నాడు.
నిన్న రాత్రి తాళం తీసి
పక్కతెర చాటున నా చోట నుంచున్నాను.
ఎందుకో తెలీదు. కాళ్లే అటెళ్లాయి.
కప్పు కంతలోంచి చినుకులు, లేసుమూట మీద ఎలక.
వెనకే టార్చిలైటు వెలుగు.
ఇస్సాకు తన కుర్చీ వెతుక్కుంటున్నాడు.
కేను తెగిన ఏడో నంబరులో
కండువా మడిచి వేసుకుని కూర్చున్నాడు.

"ఇంకా ఎంత కావాలండీ?"
చెప్పాను.
"వినపడలేదు" అన్నాడు చీకట్లోంచి.
"తెర ముందుకొచ్చి చెప్పండి."